ఈస్ట్ పేరు రాసే ముందు

చిరంజీవికి ఆశీస్సులు.

అమ్మా, కల్లును పులియబెట్టే ఈస్ట్ అనే సూక్ష్మ శిలీంధ్రం మీద నువ్వు పంపిన వ్యాసం రెండుసార్లు చదివాను. కల్లు లొట్టి దగ్గర మొదలుపెట్టి ల్యాబ్ దాకా నడిపించిన తీరు నాకు బాగా నచ్చింది. మూడో పేజీలో మాత్రం ఆగిపోయాను. "డీఎన్‌ఏ పరీక్షలో అది ఏ ఈస్టో తేలిపోయింది" అని ఒక్క వాక్యంలో దాటేశావు. దేన్ని దేనితో పోల్చారు? డీఎన్‌ఏ వరుసలో ఎన్ని అక్షరాల (ఏ, టీ, జీ, సీ) తేడా వచ్చింది? చదివేవాళ్లకు కావలసింది అదే.

మైక్రోస్కోపులో చూస్తే చాలా ఈస్టులు ఒకేలా ఉంటాయి, గుండ్రంగానో కోలగానో. అందుకే పూర్వం వాటికి రకరకాల చక్కెరలు పెట్టి, ఏది పులియబెడుతుందో, ఏది తిని పెరుగుతుందో చూసి పేరు తేల్చేవారు. కానీ ఒక్క జన్యువు పాడైనా ఆ గుణం పోవచ్చు. అలా ఒకే జాతికి రెండు పేర్లు పడ్డాయి, వేరువేరు జాతులు ఒకే పేరు కింద చేరాయి.

1998లో అమెరికాలోని పియోరియా వ్యవసాయ పరిశోధనశాల నుంచి క్లీటస్ కర్ట్‌జ్‌మన్, క్రిస్టీ రాబ్నెట్ దాదాపు 500 ఈస్ట్ జాతులను పోల్చి చూపించారు. వాళ్లు తీసుకున్నది రైబోజోమ్ (కణంలో ప్రోటీన్లు తయారుచేసే యంత్రం) ఆర్‌ఎన్‌ఏ జన్యువులో డీ1/డీ2 అనే చిన్న ముక్క, సుమారు 600 అక్షరాలు. రైబోజోమ్ లేకుండా ఏ ఈస్టూ బతకదు కాబట్టి ఈ జన్యువు అన్ని ఈస్టుల్లోనూ ఉంటుంది. అందులో ఈ ముక్క జాతికీ జాతికీ తేడా తెలిసేంతగా మారుతుంది. తేడా 3 అక్షరాలు దాటకపోతే సాధారణంగా ఒకే జాతి. 6 గానీ అంతకన్నా ఎక్కువ గానీ అయితే, అంటే దాదాపు ఒక శాతం, వేరే జాతి కావచ్చు. మధ్యలో పడితే మరికొన్ని జన్యువులు చూడాల్సిందే. ఈ "సాధారణంగా", "కావచ్చు" అనే మాటల్ని దయచేసి కొట్టెయ్యకు. లాగర్ బీరు ఈస్టునే చూడు, అది రెండు జాతుల సంకరం. ఒక్క ముక్కను చదివితే తల్లీ తండ్రీ ఇద్దరూ కనబడకపోవచ్చు.

పేరు తేలడం ఎంత ముఖ్యమో చెప్పాలంటే నేనైతే కాండిడా ఆరిస్ కథ చెప్తాను. టోక్యోలో ఒక వృద్ధురాలి చెవిలో దొరికిందని 2009లో ప్రకటించిన ఈస్ట్ అది. ఆరిస్ అంటే లాటిన్‌లో చెవి. డీ1/డీ2తో పాటు ఐటీఎస్ అనే మరో ముక్కనూ పోల్చి, తెలిసిన ఏ జాతితోనూ కలవడం లేదని కొత్త పేరు పెట్టారు. ఆ తర్వాత అది చాలా దేశాల్లో రోగుల రక్తంలో కనిపించింది, మన ఢిల్లీ ఆసుపత్రుల్లో కూడా. ఆసుపత్రుల్లో వాడే మామూలు పరీక్షలు చాలాసార్లు దాన్ని కాండిడా హేములోనై అని చెప్పాయి, ఎందుకంటే వాటి జాబితాలో ఆరిస్ లేదు! ఉన్నవాటిలో దగ్గరిదాన్ని చూపించాయి. ఫ్లూకోనజోల్ అనే శిలీంధ్రాల మందుకు తరచూ లొంగని ఈస్ట్ ఇది. వార్డులో ఒకరి నుంచి మరొకరికి పాకుతుంది. పేరు తప్పితే మందూ తప్పవచ్చు, రోగిని విడిగా ఉంచడమూ ఆలస్యమవుతుంది. 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ దీన్ని అత్యంత ప్రమాదకరమైన శిలీంధ్రాల వరుసలో పెట్టింది.

జన్యుక్రమాల డేటాబేస్‌కూ ఇదే వర్తిస్తుంది. మన ఈస్ట్ అక్షరాల క్రమాన్ని ఇస్తే అది దగ్గరి పోలికను చూపిస్తుంది. కానీ దగ్గరి చుట్టమూ ఆ మనిషీ ఒకటి కాదు కదా. పైగా ఎవరో తప్పు పేరుతో ఎక్కించిన క్రమాలూ అందులో ఉంటాయి. అందుకే ఆ జాతికి ప్రమాణంగా భద్రపరిచిన నమూనాతో, అంటే టైప్ స్ట్రెయిన్‌తో పోల్చారా అన్నది అడగాలి. చాలా ఏళ్ల క్రితం నేను ఇది అడగకుండానే "నూటికి నూరు శాతం సరిపోయింది" అని రాశాను. ఒక లెక్చరర్ ఫోన్ చేసి "దేనితోనండీ?" అన్నారు. నా దగ్గర జవాబు లేదు. ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

ఇంకొక్క సంగతి. పేర్లు మారుతుంటాయి, దానికి కంగారుపడకు. 1997లో హైదరాబాద్‌లోని శాంతా బయోటెక్నిక్స్ తెచ్చిన హెపటైటిస్-బి టీకా పిచియా పాస్టోరిస్ అనే ఈస్ట్‌లో తయారైంది. 2009లో కర్ట్‌జ్‌మన్ ఆ పేరుతో బయోటెక్ ల్యాబులు వాడుతున్న ప్రసిద్ధ స్ట్రెయిన్లను పోల్చి చూస్తే, అవి కొమగటెల్లా ఫాఫియై అనే జాతి అని తేలింది. పాత పేరుతో వెతికేవాళ్లు ఇంకా ఉన్నారు. కాబట్టి రెండూ రాయి, ఏది ఎప్పటిదో చెప్పు.

ఆ ల్యాబ్‌కి మళ్లీ ఫోన్ చెయ్యి. ఏ ముక్క చదివారు, ఎన్ని అక్షరాలు, టైప్ స్ట్రెయిన్‌తో ఎన్ని తేడాలు, రెండో జన్యువు చూశారా అని అడుగు. మొహమాటపడకు, ఇష్టంగా చెప్తారు. ఆ జవాబులతో మూడో పేజీ తిరగరాసి పంపు. కల్లు లొట్టి పేరా అలాగే ఉంచు.

ఉంటాను,
మీ మాస్టారు