గర్భిణికి ఐదో నెల, ఐరన్ మాత్రలు నెల వాడినా హిమోగ్లోబిన్ 8.8 దగ్గరే ఆగింది

మీ చెల్లెలు టిఫిన్ అవగానే రెండు మాత్రలూ కలిపి వేసుకుని, వెంటనే ఫిల్టర్ కాఫీ తాగుతుందని రాశారు. చాలావరకు కారణం అదే. మాత్ర మార్చక్కర్లేదు, వేళ మార్చండి.

1. ఎర్ర మాత్ర ఐరన్, ఫోలిక్ యాసిడ్. రెండోది కాల్షియం. ఎక్కువమంది తప్పేది ఇక్కడే. కాల్షియం పక్కన ఉంటే ఐరన్ ఒంటికి సరిగా పట్టదు. రెండిటి మధ్య కనీసం 2 గంటలు ఉండాలి. కాల్షియం భోజనంతో, ఐరన్ భోజనమయ్యాక కాస్త ఆగి, నిమ్మరసంతో. ఐరన్‌కు అటూ ఇటూ గంటసేపు కాఫీ, టీ, పాలు వద్దు. (చెన్నైలో కాఫీ మానమంటే ఎవరు వింటారు! వేళ జరిపితే చాలు.)

2. మామూలు మోతాదు రోజుకు ఒకటి, 60 మి.గ్రా. ఐరన్. హిమోగ్లోబిన్ 7 నుంచి 10.9 మధ్య ఉంటే ప్రభుత్వ కార్యక్రమం ప్రకారం రోజుకు రెండు. తనకు ఎన్ని రాశారో చీటీలో చూసి, ఆరోగ్య కేంద్రంలో అడగండి. సొంతంగా పెంచొద్దు.

3. మలం నల్లగా అయితే టెన్షన్ పడకండి, ఐరన్‌కు అది మామూలే.

4. నులిపురుగుల మాత్ర ఇచ్చారా? నాలుగో నెల నుంచి ఒకసారి ఇస్తారు.

నెల తర్వాత మళ్లీ రక్తపరీక్ష. హిమోగ్లోబిన్ కనీసం 1 గ్రాము పెరగకపోతే పెద్దాసుపత్రికి రాయించుకోండి; బి12 లోపం, థలసీమియా (పుట్టుకతో వచ్చే రక్త జబ్బు) లాంటివి చూస్తారు. 7 కన్నా తగ్గినా, ఆయాసం వచ్చినా నెల ఆగొద్దు, వెంటనే వెళ్లండి. ప్రతి నెల 9న ప్రభుత్వాసుపత్రుల్లో గర్భిణులకు డాక్టర్ పరీక్ష ఉచితం.