ఏఎన్ఏ పాజిటివ్ వస్తే లివర్ జబ్బు ఉన్నట్టేనా?

ఏఎన్ఏ (మన కణాల మీదికే తిరగబడే యాంటీబాడీలను చూసే రక్తపరీక్ష) 1:80 వచ్చింది, లివర్ పోయినట్టేనా అని అడిగారు. ఆ ఒక్క ముక్క చూసి నిద్ర పాడుచేసుకోకండి. అంత తక్కువ టైటర్, అంటే రక్తంలో ఆ యాంటీబాడీ మోతాదు, ఏ జబ్బూ లేనివాళ్లలోనూ కనిపిస్తుంది, ఫ్యాటీ లివర్ వాళ్లలోనూ కనిపిస్తుంది. దాన్ని హెల్త్ చెకప్ ప్యాకేజీలో కలిపి ఎందుకు అంటగడతారో నాకర్థం కాదు.

మా అమ్మ విషయంలో దీనికి పూర్తిగా తిరగబడింది. రెండేళ్లు ఒకటే దురద. దద్దుర్లు లేవు, పొక్కులు లేవు. రాత్రి పడుకోగానే అరికాళ్లలో, అరచేతుల్లో మొదలయ్యేది. గోళ్లతో గీరితే రక్తం వస్తోందని దిండు కింద చెక్క దువ్వెన పెట్టుకునేది. చర్మం డాక్టర్లు సబ్బులు మార్పించారు, పెద్దమ్మ వంకాయ మానిపించింది. చివరికి ఒక డాక్టరుగారు ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ (పైత్య నాళాల్లో ఇబ్బంది ఉంటే పెరిగే ఎంజైము) నాలుగొందలు దాటడం చూసి ఏఎంఏ అనే రక్తపరీక్ష రాశారు. ల్యాబ్ కౌంటర్లో దాన్ని ఏఎన్ఏ అని కొట్టారు. నెగటివ్ వచ్చింది. హమ్మయ్య అనుకుని, ఆ రిపోర్టు డాక్టరుకి చూపించకుండా ఇంటికొచ్చేశాం. అది నా తప్పే. ఐదు నెలలు పోయాయి.

తర్వాత చూసిన గ్యాస్ట్రో డాక్టరు చీటీ, రిపోర్టు పక్కపక్కన పెట్టి ఆ అక్షరం చుట్టూ పెన్నుతో సున్నా చుట్టారు. అది ఎన్ కాదు, ఎం. యాంటీ మైటోకాండ్రియల్ యాంటీబాడీ. మళ్లీ చేయిస్తే పాజిటివ్. ప్రైమరీ బిలియరీ కోలాంజైటిస్ అన్నారు, అంటే మన రోగనిరోధక శక్తే లివర్‌లోని సన్నటి పైత్య నాళాలను దెబ్బతీసే జబ్బు. ఈ జబ్బున్న నూటికి తొంభై మందికి పైగా ఏఎంఏ ఉంటుంది. ఫాస్ఫటేజ్ కూడా పెరిగి, స్కాన్‌లో పైత్య నాళాలకు అడ్డేమీ లేకపోతే చాలామందికి బయాప్సీ కూడా అక్కర్లేదు. ఏఎన్ఏ, స్మూత్ మజిల్ యాంటీబాడీలతో అనుమానించే ఆటోఇమ్యూన్ హెపటైటిస్ వేరు, అందులో రోగనిరోధక శక్తి లివర్ కణాల మీదే పడుతుంది. అక్కడ ఐజీజీ (రక్తంలో ఉండే ఒక రకం యాంటీబాడీల మొత్తం) చూస్తారు, బయాప్సీ దాదాపు తప్పదు.

2015 దాకా అమ్మ జబ్బు పేరులో సిరోసిస్ ఉండేది. ఆ పాత పేరు చుట్టాల చెవిన పడింది. ఏకాదశి నాడు మంచినీళ్లు కూడా ముట్టని మనిషిని పట్టుకుని "వదినా, ఎప్పుడైనా పుచ్చుకునేవారా?" అని అడిగాడొకాయన!

బరువును బట్టి ఉర్సోడియాక్సీకోలిక్ యాసిడ్ ఇచ్చారు, ఫాస్ఫటేజ్ దిగింది. దురదకి అది పెద్దగా పనిచేయదు. దానికి నీళ్లలో కలుపుకునే పొడి వేరే ఉంది, మిగతా మందులకి దూరంగా వేసుకోవాలి. అమ్మ గడియారం చూసుకుని మరీ వేసుకుంటుంది.

మీ ఎస్‌జీపీటీ (లివర్ కణాలు దెబ్బతింటే పెరిగే ఎంజైము), ఫాస్ఫటేజ్, ఐజీజీ ఎంతున్నాయో చెప్పలేదు. అవి మామూలుగా ఉంటే ఏఎన్ఏ కాగితం మడిచి ఫైల్లో పెట్టేయండి. డాక్టరుకి చూపించాకే సుమా.