బూట్ల ఉద్యోగంలో చేరిన మేనల్లుడికి, కాళ్ల గురించి

చిరంజీవి అల్లుడికి,

మామయ్య దీవించి రాస్తున్నది. ఇక్కడ అందరం క్షేమం. శిక్షణకు వెళ్లిన మూడో వారానికే నీ కాలి వేళ్ల సందులు తెల్లగా నానిపోయి పొట్టు రాలుతున్నాయనీ, రాత్రిళ్లు దురదకు నిద్ర పట్టడం లేదనీ మొన్న మీ అమ్మ చెప్పింది. బ్యారక్‌లో ఎవరో ఇచ్చిన ట్యూబు రాస్తున్నావట. ఆ మాట వినగానే కాగితం తీసుకుని కూర్చున్నాను.

ముందు ఆ ట్యూబు మీద సన్న అక్షరాల్లో ఉన్న మందుల పేర్లు చదువు. క్లోబెటసాల్, బెటామెథసోన్, బెక్లోమెథసోన్ లాంటి పేరేదైనా కనిపిస్తే అది స్టెరాయిడ్. ఇక దాన్ని ముట్టుకోకు.

2003 గోదావరి పుష్కరాలకు నాకు రాజమండ్రిలో బందోబస్తు పడింది. 12 రోజులు ఘాట్ల దగ్గరే, తడిసిన బూట్లలోనే. రాత్రి సాక్సు లాగితే దాంతోపాటు చర్మమూ ఊడొచ్చేది. ఇంటికొచ్చాక ఒక మెడికల్ షాపులో అడిగితే ట్యూబు చేతిలో పెట్టారు. రెండు రోజుల్లో దురద పోయింది. ఆపేస్తే వారం తిరక్కుండానే మళ్లీ మొదలు. ఇలా ఆరు నెలలు గడిపాను. ఈలోపు గజ్జల్లోకి పాకింది, అక్కడ చర్మం పలచబడి చారలు పడ్డాయి. ఎవరికైనా చెప్పుకోవాలంటే సిగ్గు. చివరికి ఒక చర్మవ్యాధుల డాక్టరమ్మ వేళ్ల సందులోంచి కాస్త పొట్టు గీకి పరీక్ష చేయించి, ఇది ఫంగస్ అని తేల్చింది. స్టెరాయిడ్ దురదనూ ఎరుపునూ అణిచేస్తుంది గానీ ఫంగస్‌ను చంపదు. పైగా దాన్ని ఎదిరించే శక్తిని చర్మానికి లేకుండా చేస్తుంది. పైకి తగ్గినట్టు ఉంటుంది, లోపల పెరుగుతూనే ఉంటుంది. ఇలాంటి ఘాటైన పూతమందులు చాలావాటిని డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదని 2018లో కేంద్రం షెడ్యూల్ హెచ్‌లో చేర్చింది. అయినా అడిగితే ఇచ్చేస్తూనే ఉన్నారు. నాకు బాధ కలిగించేది అదే.

నీకు వచ్చినదాన్ని అథ్లెట్స్ ఫుట్ అంటారు. తామర తెప్పించే జాతి ఫంగసే ఇది కూడా. మన చర్మంలో ఉండే కెరటిన్ అనే పదార్థం దాని తిండి, తడీ వేడీ దాని బలం. చిటికెన వేలికీ పక్క వేలికీ మధ్య గాలి ఆడదు కాబట్టి ఎక్కువగా అక్కడే మొదలవుతుంది. శుభ్రంగా లేనివాళ్లకే వస్తుందనుకుని కుంగిపోకు. రోజంతా బూట్లలో ఉండే ఎవరికైనా వస్తుంది.

మందు సంగతి. టెర్బినఫిన్ 1 శాతం క్రీము గానీ క్లోట్రిమజోల్ 1 శాతం గానీ, ఇంకేమీ కలవనిది అడిగి తీసుకో. టెర్బినఫిన్ అయితే మామూలుగా ఒకటి రెండు వారాలు, క్లోట్రిమజోల్ అయితే రోజుకు రెండుసార్లు చొప్పున నాలుగు వారాల దాకా వాడాల్సి ఉంటుంది. కాళ్లు కడిగి, బాగా ఆరాక, పలచగా రాయి. మచ్చ అంచు దాటి చుట్టూ రెండు సెంటీమీటర్ల మేర కూడా రాయాలి. రాశాక చేతులు కడుక్కో. అల్లుడూ, అందరూ తప్పేది ఇక్కడే: దురద తగ్గిన రోజు మందు ఆపేస్తారు. చెప్పినన్ని రోజులూ పూర్తిగా రాయి.

మందు ఎంత మంచిదైనా తడి ఉంటే పనిచేయదు. స్నానం అయ్యాక ఒక్కో వేలి సందునూ పాత నూలు గుడ్డతో తుడుచుకో. ఆ గుడ్డ కాళ్లకే ఉండాలి, ఒంటికి వాడే తువ్వాలు వేరే. బట్టలు వేసుకునేటప్పుడు సాక్సులు ముందు తొడుక్కుని, డ్రాయరు ఆ తర్వాత వేసుకో. లేకపోతే పాదాల మీది ఫంగస్ డ్రాయరుకు అంటి గజ్జల్లోకి చేరుతుంది. ఇది నాకు ముందే ఎవరైనా చెప్పి ఉంటే బాగుండేది. మధ్యాహ్నం పరేడ్ అయ్యాక సాక్సులు మార్చు. విడిచినవి వేడినీళ్లలో ఉతికి ఎండలో వెయ్యి. వీలైతే రెండు జతల బూట్లు పెట్టుకుని రోజు మార్చి రోజు వేసుకో. చెమట పట్టిన బూటు ఒక్క రాత్రిలో లోపలిదాకా ఆరదు. అందరూ వాడే స్నానాల గదిలోకి నీ హవాయి చెప్పులు వేసుకునే వెళ్లు.

అమ్మమ్మ ఉంటే గోరింటాకు పెట్టమనేది. ఆషాఢంలో పెట్టుకుంటే సంతోషమే గానీ, పట్టిన ఫంగస్‌కు దాన్ని మందనుకోకు. కిరోసిన్, బ్యాటరీ నీళ్లు లాంటి సలహాలు ఎవరిచ్చినా వినకు, చర్మం కాలిపోతుంది. వేళ్ల సందుల్లో కొబ్బరినూనె కూడా వద్దు, తడి లోపలే ఉండిపోతుంది.

రెండు వారాలు సరిగ్గా రాసినా మార్పు లేకపోతే, గోళ్లు పసుపుపచ్చగా మందమైతే డాక్టరుకు చూపించు. గోళ్లకు పట్టిందంటే చాలామందికి నెలల తరబడి మాత్రలు వేయాల్సి వస్తుంది. పాదం వాచి ఎర్రబడినా, చీము పట్టినా, జ్వరం వచ్చినా ఆరోజే సిక్ రిపోర్ట్ పెట్టు. ఆ పగుళ్లలోంచే వేరే క్రిములు లోపలికి వెళతాయి. పరేడ్ పోతుందని టెన్షన్ పడకు. మీ నాన్నకు షుగర్ ఉంది కదా, ఆయన వేళ్ల సందులు కూడా ఒకసారి చూడమని అమ్మకు చెప్పాను. షుగర్ ఉన్నవాళ్లు సొంత వైద్యం చేసుకోకూడదు.

ఆదివారం మీ నాన్న నీ దగ్గరికి వస్తున్నాడు. ఆరు జతల నూలు సాక్సులు పంపిస్తున్నాను. ఆ ట్యూబు మీద ఏం రాసి ఉందో రాత్రికి ఫోన్ చేసి చదివి వినిపించు.

ఆశీస్సులతో,
మామయ్య