మైదానం ముచ్చట్లు: ఆమిర్‌ని ఆడనిచ్చారు, మా వాడిని ఎందుకు రానివ్వరు?

ప్రశ్న: మాస్టారూ, మా అబ్బాయి కబడ్డీ ఆడతాడు. మంచి రైడర్ అని జిల్లాలో పేరుంది. రెండేళ్ల కిందట ఊరి జాతరలో గొడవైంది. మా వాడి చేతిలో కర్ర ఉంది, అవతలి కుర్రాడి ముంజేయి విరిగింది. కేసు పెట్టారు. కొన్నాళ్లు జైల్లో ఉండి బెయిల్ మీద వచ్చాడు, తర్వాత కోర్టులో రాజీ అయింది. ఇప్పుడు ప్రాక్టీసుకు వెళ్తుంటే కోచ్ గారు ‘చూద్దాంలే’ అంటున్నారు. తోటి పిల్లలు ముఖం తిప్పుకుంటున్నారు. లార్డ్స్‌లో డబ్బులు తీసుకుని దేశం పరువు తీసిన పాకిస్తాన్ బౌలర్ ఆమిర్‌ని మళ్లీ ఆడించారు కదా. మా వాడు చేసింది అంతకంటే పెద్ద తప్పా? స్పోర్ట్స్ కోటాలో ఏదైనా ఉద్యోగం వస్తుందని ఆశ పెట్టుకున్నాం. చాలా టెన్షన్‌గా ఉంది. — పేరు వేయొద్దన్న ఒక తండ్రి, ప్రకాశం జిల్లా

జవాబు: ఆమిర్ పేరెత్తారు కాబట్టి ఆ కథ మొత్తం చూద్దామండీ. మనకు పనికొచ్చే ముక్క ఒక్కటే కోసుకుంటే లాభం లేదు.

2010 ఆగస్టు, లార్డ్స్ టెస్టు. మూడో ఓవర్ మొదటి బంతి నోబాల్ పడుతుందని డబ్బు తీసుకున్న మజీద్ అనే ఏజెంటు ముందే చెప్పాడు, చెప్పినట్టే పడింది. వేసింది మహమ్మద్ ఆమిర్, వయసు 18. కాలు గీత దాటి ఎంత ముందుకు పడిందంటే కామెంటరీలో ఉన్నవాళ్లే విస్తుపోయారు. ఆ మ్యాచ్‌లోనే ఒక ఇన్నింగ్స్‌లో ఆరు వికెట్లు కూడా తీశాడు. చూసినవాళ్లకు కడుపు మండింది అందుకే. చేతకానివాడు అమ్ముడుపోతే ఎవరికీ పెద్దగా పట్టదు.

మరుసటి ఏడాది ఐసీసీ అతని మీద ఐదేళ్ల నిషేధం వేసింది. ఇంగ్లండ్‌లో క్రిమినల్ కేసు వేరే నడిచింది. కెప్టెన్ సల్మాన్ బట్, మరో బౌలర్ మహమ్మద్ ఆసిఫ్ తమకేమీ తెలియదని జ్యూరీ ముందు వాదించి ఓడిపోయారు. ఆమిర్ మాత్రం విచారణ దాకా పోకుండానే నేరం ఒప్పుకున్నాడు. 2011 నవంబరులో బట్‌కు రెండున్నరేళ్లు, ఆసిఫ్‌కు ఏడాది, ఆమిర్‌కు ఆరు నెలలు శిక్ష పడింది. అందులో సగం కుర్రవాళ్ల జైల్లో గడిపి 2012 ఫిబ్రవరిలో బయటికి వచ్చాడు. దేశవాళీ మ్యాచ్ ఆడటానికి 2015 దాకా, పాకిస్తాన్ జట్టులోకి రావడానికి 2016 జనవరి దాకా ఆగాల్సి వచ్చింది. పేస్ బౌలర్‌కి 18 నుంచి 23 అంటే బంగారం లాంటి వయసు. అది మొత్తం పోయింది.

మీరు అడగని సంగతి ఒకటుంది, మీకు కావాల్సింది అదే. 2015 డిసెంబరులో ఆమిర్‌ను జాతీయ క్యాంపుకు పిలిస్తే, అప్పటి వన్డే కెప్టెన్ అజహర్ అలీ, మహమ్మద్ హఫీజ్ తాము రామని కూర్చున్నారు. ఆమిర్ ఉన్న చోట ఉండబోమన్నారు. బోర్డు ఛైర్మన్ మాట్లాడి ఒప్పిస్తే గానీ కదల్లేదు. అంటే ఐసీసీ సరే అంది, బోర్డు సరే అంది, పక్కన నిలబడి ఆడాల్సినవాడు మాత్రం అనలేదు. వాళ్లని తప్పుపట్టను. ఆ నోబాళ్ల తర్వాత ప్రపంచంలో ఎక్కడికి వెళ్లినా పాకిస్తాన్ ఆటగాళ్లందరినీ దొంగల్ని చూసినట్టు చూశారు, అందులో వీళ్లూ ఉన్నారు. ఆ తర్వాతి నెల వెల్లింగ్టన్‌లో ఆమిర్ బౌలింగుకు వస్తుంటే మైదానం అనౌన్సరు గల్లాపెట్టె చప్పుడు వేశాడు. న్యూజిలాండ్ బోర్డు క్షమాపణ చెప్పిందనుకోండి, కానీ స్టేడియమంతా వినేసింది కదా.

ఏడాదిన్నర తిరిగేసరికి 2017 ఛాంపియన్స్ ట్రోఫీ ఫైనల్, ఓవల్. మనవాళ్లెవరూ మర్చిపోని ఆదివారం అది. ఆమిర్ మూడో బంతికే రోహిత్ ఎల్బీ. కోహ్లీ ఇచ్చిన క్యాచ్‌ని మొదటి స్లిప్‌లో జారవిడిచిందెవరో గుర్తుందా? ఆ అజహర్ అలీయే. తర్వాతి బంతికే కోహ్లీ పాయింట్‌లో షాదాబ్‌కి దొరికిపోయాడు. ఆపైన ధావన్. ఆమిర్ 16 పరుగులిచ్చి మూడు వికెట్లు తీశాడు, మనం 158కి ఆలౌట్. ముందు ఇన్నింగ్స్‌లో ఫఖర్ జమాన్ మూడు పరుగుల దగ్గర బుమ్రా బంతికి కీపర్‌కి దొరికితే అది నోబాల్ అయింది, అతను సెంచరీ కొట్టాడు. నోబాల్ మనకు అలా తగిలింది! క్యాంపుకు రానన్న అజహర్, హఫీజ్ ఇద్దరూ ఆ రోజు ఆడారు, చెరో అర్ధ సెంచరీ కొట్టారు.

ఇక మీ అబ్బాయి సంగతి. మీ ఉత్తరంలో చెయ్యి విరిగిన కుర్రాడి గురించి ఒక్క వాక్యమే రాశారు. ఆ చెయ్యి ఇప్పుడెలా ఉంది? పనికి వెళ్తున్నాడా? రాజీ అంటే కోర్టులో సంతకాలు. అంతకు మించి ఏమైనా జరిగిందా? జరగకపోతే ముందు వాళ్లింటికి వెళ్లండి. పెద్దమనుషుల్ని వెంటేసుకుని కాదు, పూలదండలతో కాదు, మీరూ మీ వాడూ ఇద్దరే. మాట్లాడాల్సింది వాడు, మీరు కాదు. వాళ్లు తలుపు వేసుకుంటే వేసుకున్నారు. ఈ సంగతి కోచ్‌కి మీరు చెప్పక్కర్లేదు, ఊళ్లో వార్త దానంతట అదే చేరుతుంది.

కబడ్డీలో ఇంకో చిక్కుంది. క్రికెట్‌లో బౌలర్ ఒక్కడే పరుగెత్తుకుంటూ వచ్చి బంతి వేసి వెళ్లిపోవచ్చు. ఇక్కడ ఎంత గొప్ప రైడరైనా తన కూత అయ్యాక వెనక్కి వచ్చి, పక్కవాడి చెయ్యి పట్టుకుని గొలుసులో నిలబడాలి. ఒకడి చెయ్యి విరగ్గొట్టిన చెయ్యి అది. పట్టుకోవడానికి ఆ పిల్లలకు టైం పడుతుంది, ఇవ్వండి. మొదటి సీజన్‌లో జట్టులో పేరు లేకపోయినా రోజూ వెళ్లి, డిఫెన్స్ వాళ్ల ప్రాక్టీసు కోసం కూతకు వెళ్లి పట్టుబడి రమ్మనండి. మంచి రైడర్‌కి అది నామోషీగానే ఉంటుంది. చెయ్యాలి.

ఉద్యోగం గురించి కచ్చితంగా చెప్పాలి, ఎందుకంటే చాలామంది పిల్లలు మునిగేది ఇక్కడే. కోర్టు అనుమతితో రాజీ అయిన కేసులో ముద్దాయి నిర్దోషిగా విడుదలైనట్టే చట్టం లెక్క. మంచిదే. అలాగని ఉద్యోగంలో చేరే ముందు నింపే అటెస్టేషన్ ఫారంలో ‘మీ మీద ఎప్పుడైనా కేసు పెట్టారా, అరెస్టయ్యారా’ అని ఉన్న చోట ‘లేదు’ అని రాయమని ఎవరైనా సలహా ఇస్తే వినకండి. పోలీస్ వెరిఫికేషన్‌లో బయటపడుతుంది, అప్పుడు కేసు కంటే అబద్ధమే పెద్ద నేరమై కూర్చుంటుంది. 2016లో అవతార్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు దీని మీద వివరంగా చెప్పింది: రాసేది నిజమై ఉండాలి, నిజం రాసినంత మాత్రాన ఉద్యోగం ఇచ్చి తీరాలని లేదు, యాజమాన్యం కేసు తీవ్రత చూసి నిర్ణయిస్తుంది. పోలీసు ఉద్యోగాలకైతే మరీ గట్టిగా చూస్తారు. రాజీ ఉత్తర్వు సర్టిఫైడ్ కాపీ తీసి దగ్గర పెట్టుకోండి, ఫారం నింపే ముందు వకీలుకు ఒకసారి చూపించండి.

మీ వాడి తప్పు ఆమిర్ తప్పు కంటే పెద్దదా అన్నారు. నన్నడిగితే పెద్దదే. నోబాల్ వల్ల ఎవరి ఎముకా విరగలేదు.

ప్రశ్న: శ్రీశాంత్, అజహరుద్దీన్ కూడా ఆమిర్ బాపతే కదా? — క్రికెట్ పిచ్చోడు, కాకినాడ

జవాబు: కాదు. ఆమిర్ నేరం ఒప్పుకుని జైలుకు వెళ్లినవాడు. శ్రీశాంత్‌ను 2013లో ఐపీఎల్ స్పాట్ ఫిక్సింగ్ కేసులో అరెస్టు చేశారు గానీ, 2015లో ఢిల్లీ కోర్టు ఆ కేసు నుంచి విడుదల చేసింది. అయినా మన క్రికెట్ బోర్డు తన జీవితకాల నిషేధం ఎత్తలేదు. 2019లో సుప్రీంకోర్టు దాన్ని పక్కనపెట్టి శిక్ష మళ్లీ ఆలోచించమంటే ఏడేళ్లకు తగ్గించారు. 2021లో కేరళకు మళ్లీ ఆడేనాటికి అతనికి 37 ఏళ్లు. మన హైదరాబాద్ అజహర్‌పై 2000లో పడిందీ బోర్డు నిషేధమే, నేరం రుజువై జైలుకు వెళ్లింది కాదు. 2012లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ హైకోర్టు అది చెల్లదంది. కోర్టు గుమ్మం వేరు, బోర్డు గుమ్మం వేరు. ఒకదాంట్లోంచి బయటపడ్డా రెండోది తెరుచుకోవాలని లేదు.

ప్రశ్న: అమెరికాలో ఒక పెద్ద ఫుట్‌బాల్ ఆటగాడిని కుక్కల పందేలు ఆడించాడని జైల్లో వేశారట. నిజమేనా? మా దగ్గర కోడిపందేలకు నాయకులే వచ్చి కుర్చీలేసుకుని కూర్చుంటారు! — ఒక పాఠకుడు, భీమవరం

జవాబు: నిజమే. మైకేల్ విక్, అట్లాంటా ఫాల్కన్స్ జట్టులో ఆట నడిపించే క్వార్టర్‌బ్యాక్. వర్జీనియాలో తన స్థలంలో పిట్‌బుల్ కుక్కల్ని పెంచి పందేలు నడిపించాడు. సరిగ్గా పోరాడని కుక్కల్ని చంపేసేవారు. ఎలా చంపారో ఇక్కడ రాయను, పిల్లలు కూడా ఈ పేజీ చదువుతారు. 2007లో నేరం ఒప్పుకున్నాడు, 23 నెలల శిక్ష పడింది. బతికిన కుక్కల పోషణకు దాదాపు 9 లక్షల 28 వేల డాలర్లు కట్టించారు. ఈ కేసులో నాకు బాగా నచ్చిన ముక్క అదే. చాలా కుక్కల్ని చంపకుండా కాపాడి ఇళ్లకూ సంరక్షణ కేంద్రాలకూ పంపారు. 2009లో ఫిలడెల్ఫియా ఈగిల్స్ జట్టు అతన్ని తీసుకున్నప్పుడు జంతుప్రేమికులు మండిపడ్డారు. 2010లో ‘కమ్‌బ్యాక్ ప్లేయర్ ఆఫ్ ది ఇయర్’ అయ్యాడు. 2011లో, కుక్కల పందేలు చూడటానికి వెళ్లడం కూడా నేరం కావాలనే బిల్లుకు మద్దతుగా వాషింగ్టన్ వెళ్లి మాట్లాడాడు. మనసు మారిందో, లాయరు చెప్పాడో మనం చెప్పలేం. మాట్లాడటమైతే మాట్లాడాడు.

కోడిపందేలు మన దగ్గర కూడా నేరమేనండీ. సంక్రాంతి మూడు రోజులూ చట్టం సెలవు పెడుతుంది, అంతే.

ప్రశ్న: బాక్సింగ్‌లో జైలు నుంచి వచ్చి ఛాంపియన్ అయింది టైసన్ ఒక్కడేనా? — ఇంటర్ విద్యార్థి, హనుమకొండ

జవాబు: టైసన్ జైలుకు పోకముందే ఛాంపియన్, బాబూ. 1992లో అత్యాచారం కేసులో శిక్ష పడింది, 1995లో బయటికి వచ్చాడు, 1996లో మళ్లీ టైటిల్ గెలిచాడు. ఆ హడావిడిలో టికెట్ల లెక్కలే వినిపించాయి గానీ, కేసు పెట్టిన అమ్మాయి ఊసు పెద్దగా వినపడలేదు. అందుకే ఈ కథ చెప్పమంటే నాకు ఉత్సాహం రాదు.

నువ్వు చదవాల్సింది బెర్నార్డ్ హాప్‌కిన్స్ గురించి. ఫిలడెల్ఫియా కుర్రాడు, దోపిడీలు. 17 ఏళ్లకే 18 ఏళ్ల శిక్ష పడి గ్రేటర్‌ఫోర్డ్ జైలుకు వెళ్లాడు. బాక్సింగ్‌ను గట్టిగా పట్టుకున్నది అక్కడే. దాదాపు ఐదేళ్లకు, 1988లో విడుదలయ్యాడు. అదే ఏడాది మొదటి ప్రొఫెషనల్ ఫైట్ ఆడి ఓడిపోయాడు. ఏడాదికి పైగా మళ్లీ రింగ్ ఎక్కలేదు. (పైన ఉత్తరం రాసిన తండ్రిగారు కూడా ఇది చదవాలి.) 1995లో మిడిల్‌వెయిట్ టైటిల్ గెలిచి వరసగా 20 సార్లు నిలబెట్టుకున్నాడు. 2011లో 46 ఏళ్ల వయసులో మాంట్రియల్ వెళ్లి జాన్ పాస్కల్‌ని ఓడించి, ప్రపంచ టైటిల్ గెలిచినవాళ్లలో అందరికంటే పెద్ద వయసువాడయ్యాడు. జార్జ్ ఫోర్‌మన్ రికార్డు అలా పోయింది. చివరి ఫైట్ 2016 డిసెంబరులో, 51 ఏళ్లకు. దాంట్లో ప్రత్యర్థి దెబ్బకు తాళ్ల మధ్య నుంచి రింగ్ బయటికి పడ్డాడు. అంత వయసులో అలాంటి ఫైట్ ఒప్పుకోవడం తెలివైన పనేం కాదు, ఆ విషయంలో మాత్రం అతన్ని ఆదర్శంగా తీసుకోకు.