వ్యానా, ట్రైలరా? రాత్రికి ఎక్కడ పెడతావో ముందు అది చెప్పు

ప్రశ్న: అన్నా, మాది గుంటూరు, కొరిటెపాడు. కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్ వచ్చి ఏడాదిన్నర అయింది. అపార్ట్‌మెంట్‌లో అద్దెకు ఉంటున్నాం. నేనూ నా రూమ్మేటూ చెరొక 250 సీసీ డర్ట్ బైక్ కొన్నాం. ప్రస్తుతానికి ఒక స్నేహితుడి గ్యారేజీలో పెట్టాం. ఇవి రోడ్డు మీద నడపకూడదు కాబట్టి హోలిస్టర్ హిల్స్, కార్నెగీ లాంటి డర్ట్ బైక్ పార్కులకు మోసుకుపోవాలి. నాకు హోండా సీఆర్‌వీ కారు ఉంది. పాత కార్గో వ్యాన్ ఒకటి 6,000 డాలర్లకు వస్తోంది. కారు వెనక తగిలించుకునే ట్రైలర్ అయితే 700కే దొరుకుతోంది. ఏది కొనమంటారు?

జవాబు: తమ్ముడూ, ఈ జవాబు గుంటూరులో కూర్చునే రాస్తున్నాను. సంక్రాంతికి వచ్చి ఇంకా ఇక్కడే ఉన్నాను. నిన్న బ్రాడీపేటలో మా ఇంట్లో ఉన్న పాత ఫ్రిజ్జును విజయవాడలో మా చెల్లెలి ఇంటికి పంపాల్సి వచ్చింది. ఫోన్ చేస్తే అరగంటలో టాటా ఏస్ వచ్చింది. ఎక్కించారు, తాళ్ళతో కట్టారు, కిరాయి మాట్లాడుకున్నాం, వెళ్ళిపోయింది. ఆ బండి రాత్రికి ఎక్కడ నిలబడుతుంది, దాని టైర్లు ఎప్పుడు మార్చాలి, దాని ఇన్సూరెన్స్ ఎంత, ఈ గొడవలేవీ మా ఇంటి గడప తొక్కలేదు. నువ్వు రెండు ధరలూ రాశావు. కొన్నాక అది ఎక్కడ ఉంటుందో మాత్రం రాయలేదు. కొత్తగా వచ్చినవాళ్ళందరూ అక్కడే తప్పు చేస్తారు. నేనూ చేశాను. దానికి ఎంత కట్టానో నా దగ్గర ఇప్పటికీ లెక్క ఉంది.

నేను అమెరికా వెళ్ళింది 2004లో. 2009 చివర్లో ఒక పాత డర్ట్ బైక్ కొన్నాను. నెల తిరక్కుండా 450 డాలర్లకు ఒక ట్రైలర్ కొన్నాను. ఐదడుగుల వెడల్పు, ఎనిమిదడుగుల పొడవు, అడుగున చెక్క పలకలు. అప్పట్లో ఇవన్నీ అడగడానికి నాకు మనవాళ్ళెవరూ లేరు, ఒక్కణ్ణే తిరిగి నేర్చుకున్నాను. ఆ రాత్రి డైరీలో 450 ఒక్కటే రాసుకుని సంతోషంగా పడుకున్నాను. తర్వాతి వారం కారు వెనక హిచ్, అంటే ట్రైలర్ తగిలించే ఇనుప కడ్డీ, బిగించడానికి 280 అయింది. లైట్ల వైరింగ్‌కు 120. ట్రైలర్ టైర్లు చూడడానికి కొత్తవాటిలా ఉన్నాయి. మెకానిక్ మోకాళ్ళ మీద కూర్చుని టైరు పక్క గోడ మీద వేలు పెట్టి చూపించాడు. డాట్ అన్న అక్షరాల వరస చివర 3102 అని ఉంది. అంటే 2002లో 31వ వారంలో తయారైనవి. ట్రైలర్ టైర్లు అరగక ముందే ముసలివైపోతాయి. ఎండలో నిలబడి నిలబడి పక్కన సన్నగా బీటలు తీస్తాయి, ఒకరోజు ఫ్రీవే మీద పేలతాయి. ఐదారేళ్ళు దాటితే మార్చేయాలి. రెండింటికీ 140 ఇచ్చాను. 450 కాస్తా 990 అయింది, బైకు ఇంకా ఒక్కసారి కూడా ఎక్కలేదు.

డబ్బు ఒక్కటే పోయుంటే వేరే సంగతి. హిచ్ మీద బిగించే ఇనుప గుండును బాల్ అంటారు, ట్రైలర్ మూతి దాని మీదే కూర్చుంటుంది. అది కొనే చోట సైజు అడిగారు. మామూలుదే ఇవ్వమన్నాను. వాళ్ళు ఇచ్చింది 1 7/8 అంగుళాల బాల్. నా ట్రైలర్ మూతి 2 అంగుళాలది. తేడా అంగుళంలో ఎనిమిదో వంతు, అంతే. చేత్తో పట్టుకుని ఊపితే గట్టిగానే ఉంది. గొళ్ళెం కూడా పడింది. ఫ్రీమాంట్‌లోనే రైలు పట్టాలు దాటేటప్పుడు వచ్చిన కుదుపుకు మూతి బాల్ మీద నుంచి లేచిపోయింది. నన్ను కాపాడింది రెండు గొలుసులు. ట్రైలర్ అమ్మినాయన వాటిని మూతి కింద ఇంటూ గుర్తులా అడ్డంగా వేసి తగిలించి పంపాడు. ఎందుకలా అని నేను అడగను కూడా లేదు. మూతి ఊడగానే ఆ రెండు గొలుసుల మధ్య ఊయలలో పడ్డట్టు పడింది. లేకపోతే రోడ్డుకు గుచ్చుకుని బండి పల్టీ కొట్టేది. బాల్ పైన దాని సైజు చెక్కి ఉంటుంది, ట్రైలర్ మూతి మీదా ఉంటుంది. రెండూ నీ కళ్ళతో చదువు. ఎవరి మాటా నమ్మకు.

రెండో తప్పు బరువు పెట్టడంలో జరిగింది. ఆఫీసు మిత్రుడి బైకు, నాది కలిపి కార్నెగీకి బయల్దేరాం. ముందుకు తోసే ఓపిక లేక రెండు బైకుల్నీ వెనకవైపే కట్టేశాం. ఆల్టమాంట్ కనుమ దగ్గర గాలి నీకు ఇంకా అనుభవంలోకి వచ్చిందో లేదో. అక్కడ అన్ని గాలిమరలు ఊరికే పెట్టలేదు. దిగుడులో ట్రైలర్ కుడికీ ఎడమకూ ఊగడం మొదలుపెట్టింది. అద్దంలో చూస్తే ఒకసారి కుడి చక్రం, ఒకసారి ఎడమ చక్రం కనిపిస్తున్నాయి. బ్రేకు గట్టిగా తొక్కకుండా ఉండటం ఆ రోజు నా అదృష్టం. అలాంటప్పుడు స్టీరింగ్ తిన్నగా పట్టుకుని యాక్సిలరేటర్ మీద నుంచి మెల్లగా కాలు తీయాలి. దానంతట అదే సర్దుకుంటుంది.

ఇంటికొచ్చాక మా తాతయ్య గుర్తొచ్చాడు. ప్రత్తిపాడు దగ్గర మా ఊరి నుంచి గుంటూరుకు ఎడ్లబండి మీద మిరపకాయల బస్తాలు వేసుకొచ్చేవాడు. బస్తాలన్నీ సర్దాక కాడి పట్టుకుని ఒకసారి ఎత్తి చూసేవాడు. తేలిగ్గా లేస్తే బండి వెనక్కి మొగ్గింది, ఎద్దుల మెడకు పలుపు బిగుసుకుంటుంది. అసలు లేవకపోతే బరువంతా ఎద్దుల మెడ మీదే ఉన్నట్టు. ట్రైలర్‌కూ అదే సూత్రం. మొత్తం బరువులో 10 నుంచి 15 శాతం మూతి మీద పడాలి. అందుకే బైకుల బరువు ఇరుసుకు కాస్త ముందుకు ఉండేట్టు కట్టాలి. ఊళ్ళో పుట్టి పెరిగినవాడిని, తెలిసిన విషయమే అయినా అక్కడ బుద్ధికి రాలేదు.

రూల్సు క్లుప్తంగా చెప్తాను. కాలిఫోర్నియాలో ట్రైలర్ తగిలించాక గంటకు 55 మైళ్ళు దాటకూడదు. ట్రైలర్ నంబరు ప్లేటు 5 ఏళ్ళకోసారి రెన్యువల్. బైకులకు ఓహెచ్‌వీ స్టిక్కర్ (రోడ్డెక్కని బండ్లకు ఇచ్చే రిజిస్ట్రేషన్) ఉండాలి. మిగతావి డీఎంవీలో (అక్కడి ఆర్టీవో ఆఫీసు) చూసుకో, ఇన్సూరెన్స్ వాళ్ళనూ అడుగు.

ఇప్పుడు అసలు నష్టం సంగతి. మూడో వారంలో అపార్ట్‌మెంట్ ఆఫీసువాళ్ళు ట్రైలర్‌కు నోటీసు అంటించారు. 72 గంటల్లో తీయకపోతే లాక్కెళ్తామని. వీధిలో పెడదామంటే అక్కడా కుదరలేదు. చివరికి ఊరి బయట స్టోరేజీ యార్డులో నెలకు 85 డాలర్లకు చోటు తీసుకున్నాను. 14 నెలలు కట్టాను. మొత్తం 1,190 డాలర్లు, ట్రైలర్ కొన్న ధరకు రెండున్నర రెట్లు. ఆ రోజుల్లో డాలరు 45, 46 రూపాయలుండేది. 85 డాలర్లంటే దగ్గర దగ్గర 3,900 రూపాయలు. అప్పుడు మా చెల్లెలు విజయవాడలో ఇంజనీరింగ్ చదువుతూ హాస్టల్లో ఉండేది. దాని హాస్టల్ ఖర్చు నెలకు ఇంచుమించు అంతే. ఆ ఏడాది రెండు నెలలు నేను డబ్బు పంపడం ఆలస్యమైంది. నాన్న నాకు ఒక్క మాట చెప్పకుండా, మిర్చి యార్డులో తెలిసినాయన దగ్గర రెండు రూపాయల వడ్డీకి 40 వేలు తెచ్చి ఫీజు కట్టారు. ఏడాది గడిచాక అమ్మ ఏదో మాటల మధ్య చెప్పింది. ఫోన్ పెట్టేసి నేరుగా స్టోరేజీ యార్డుకు వెళ్ళాను. ట్రైలర్ ఉన్నచోటే ఉంది. చెక్క పలకల సందుల్లోంచి గడ్డి మొలిచి, జానెడెత్తున ఎండిపోయి ఉంది. ఆ వారమే అమ్మేశాను.

నువ్వు ఇంటికి పంపుతావో లేదో నాకు తెలియదు, అది నీ ఇష్టం. కానీ నెలనెలా పోయే డబ్బు కంటికి కనిపించదు తమ్ముడూ. 700 కనిపిస్తుంది. 85 కనిపించదు.

వ్యాన్ సంగతి కూడా అనుభవం మీదే చెప్తున్నాను. 2012లో 3,800 పెట్టి 1999 మోడల్ కార్గో వ్యాన్ కొన్నాను. నిజం చెప్పాలంటే బైకులకు వ్యాన్ అంత సుఖం ఇంకోటి లేదు. తాళం వేసి హోటల్లో భోంచేసి రావచ్చు. వానకు తడవవు. వెనక్కి తీయడంలో కష్టం లేదు. పొట్టి ట్రైలర్ ఉంది చూశావూ, వెనక్కి తీసేటప్పుడు క్షణంలో మడత పడిపోతుంది. స్టీరింగ్ అడుగుభాగం పట్టుకుని, ట్రైలర్ ఎటు పోవాలో చెయ్యి అటు జరపాలి. ఖాళీ పార్కింగ్‌లో రెండు ఆదివారాలు నేర్చుకుంటే గానీ రాదు. వ్యాన్‌కు ఇవేవీ లేవు. కానీ కార్గో వ్యాన్‌లో సీట్లు రెండే. పెళ్ళయ్యాక నా భార్య ఒక్కసారి ఎక్కింది, పెట్రోలు వాసనకు దారిలోనే కిందకు దిగిపోయింది. కార్బ్యురేటర్ ఉన్న బైకైతే పెట్రోలు ట్యాపు కట్టేసి ఎక్కించాలి, కిటికీ కొంచెం తీసి ఉంచాలి. నేను ఆ రోజు ట్యాపు మరిచిపోయాను.

ఇక ఖర్చు. ఇంజను ఉన్నది ఏదైనా మన ఇంట్లో ఇంకో మనిషి లాంటిది. నడిపినా నడపకపోయినా రిజిస్ట్రేషన్ కట్టాలి, ఇన్సూరెన్స్ కట్టాలి, రెండేళ్ళకోసారి స్మాగ్ టెస్టు (పొగ పరీక్ష) చేయించాలి. నా వ్యాన్ గ్యాలన్‌కు 13 మైళ్ళకు మించి ఇచ్చేది కాదు. మీ దగ్గర నుంచి హోలిస్టర్ హిల్స్‌కు రానూ పోనూ 130 మైళ్ళు దాటుతుంది, అంటే ఒక ట్రిప్పుకు 10 గ్యాలన్లు. రెండో ఏడు ట్రాన్స్‌మిషన్ పోయింది, 2,600 అడిగారు. 3,800 బండికి 2,600 పెట్టి బాగుచేయించాలా, వదిలేయాలా అని రెండు వారాలు నిద్ర పట్టలేదు. ఆ టెన్షన్ నీకు వద్దు. ఉన్న కారు అమ్మేసి ఆఫీసుకు కూడా దాంట్లోనే పోతానంటే వ్యాన్ కొను. కారుండగా మూడో నాలుగో వారానికి ఒకసారి వాడే రెండో ఇంజనును ఈ వయసులో, ఈ అద్దె ఇంట్లో నెత్తికెత్తుకోకు.

కాబట్టి ఈ ఏడాది ఏదీ కొనకు. మన ఊళ్ళో టాటా ఏస్‌ను పిలిచినట్టే అక్కడ ట్రైలర్‌ను అద్దెకు తీసుకో. యూహాల్ అనే అద్దె కంపెనీలో చిన్నవి రోజుకు 20 డాలర్లు అటూ ఇటూ ఉంటాయి. నెలకు రెండుసార్లు పోయినా ఏడాదికి 500 లోపే. సాయంత్రం తిరిగి ఇచ్చేస్తావు, రాత్రికి అది ఎక్కడుందో నీకు అనవసరం. అందులో సగం నీ రూమ్మేటు ఇవ్వాలి, ముందే మాట్లాడుకో. హిచ్, వైరింగ్ మాత్రం నీ కారుకు సొంతంగా పెట్టించుకోవాలి, ఆ ఖర్చు ఎప్పటికైనా పనికొస్తుంది.

ఒక లెక్క నువ్వే చేయాలి. పెట్రోలు సీఆర్‌వీ లాగగలిగేది 1,500 పౌన్లు. హైబ్రిడ్ అయితే ఇంకా తక్కువ, నీ బండి మాన్యువల్ చూడు. 250 బైకు ఒక్కోటి 105 నుంచి 120 కేజీలు, రెండూ కలిపి సుమారు 500 పౌన్లు. హెల్మెట్లు, బూట్లు, పనిముట్లు, పెట్రోలు డబ్బా ఇంకో 100 వేసుకో. అంటే ఖాళీ ట్రైలర్ 900 లోపు ఉండాలి. అద్దె ట్రైలర్లు మందపాటి ఇనుముతో చేస్తారు. ర్యాంపు ఉన్న రకం చాలావరకు ఖాళీగానే వెయ్యి పౌన్లు దాటుతుంది. ఎక్కించడం సులువని దాన్ని తీసుకోకు. ర్యాంపు లేనిది తీసుకుని సొంత అల్యూమినియం ర్యాంపు ఒకటి కొనుక్కో. ఆ ర్యాంపును కూడా స్ట్రాపుతో ట్రైలర్‌కు కట్టు. కట్టకపోతే బైకు మధ్యలో ఉండగా జారుతుంది.

కట్టేటప్పుడు ముందు ఫోర్కును మరీ కిందికి లాగకు. గట్టిగా ఉండాలని నేను అడుగంటా లాగి బిగించాను, సీళ్ళు పోయి ఆయిలు కారింది, అదొక 160. ముందు చక్రానికీ మడ్‌గార్డుకూ మధ్య చెక్క దిమ్మ పెట్టి బిగిస్తే అంతకన్నా దిగదు.

ఏడాది గడిచి, గ్యారేజీ ఉన్న ఇంటికి మారితే అప్పుడు మడత ట్రైలర్ కొను. నాలుగడుగుల వెడల్పు, ఎనిమిదడుగుల పొడవు ఉంటుంది. మధ్యలో మడిచి గోడకు నిలబెడితే బీరువా అంత చోటు చాలు. నేను 2015 నుంచి అదే వాడుతున్నాను. ఇన్నేళ్ళలో టైర్లు, బేరింగులకు గ్రీజు తప్ప దానికి పైసా పెట్టలేదు. చిన్న చక్రాలు వేగంగా తిరుగుతాయి కాబట్టి బేరింగులు తొందరగా వేడెక్కుతాయి. ఒక 20 మైళ్ళు పోయాక ఆగి చక్రం నడిమధ్యన ఉండే హబ్బు మీద చెయ్యి పెట్టి చూడాలి. గోరువెచ్చగా ఉంటే పర్వాలేదు, చెయ్యి పెట్టలేనంత కాలితే ముందుకు పోకూడదు.

నేను వచ్చే నెలలో తిరిగి వెళ్తున్నాను. మొదటిసారి అద్దెకు తీసుకునే ముందు ఒక ఆదివారం మా ఇంటికి రా, నా ట్రైలర్ నీ కారుకు తగిలించి వెనక్కి తీయడం నేర్పిస్తాను. నా దాని మూతి 2 అంగుళాలది. నీ బాల్ మీద ఎంత రాసి ఉందో చదివి, ఫోటో తీసి ముందు నాకు పంపు.