టెక్ సందేహాలు: ఎర్రర్ రాని కాంటూర్ ప్లాట్‌నే అనుమానించండి

ప్రశ్న: పైథాన్‌లో మ్యాట్‌ప్లాట్‌లిబ్ అనే బొమ్మల లైబ్రరీతో కాంటూర్ ప్లాట్లు (ఒకే విలువ ఉన్న చోట్లను గీతతో కలిపే బొమ్మలు) గీస్తున్నాను. 100×100 గ్రిడ్‌కి బాగానే వచ్చింది. అదే కోడ్‌తో ఎక్స్ వైపు 100, వై వైపు 60 పాయింట్లున్న గ్రిడ్ ఇస్తే, ఎక్స్ పొడవుకీ జెడ్ (ప్రతి పాయింట్ దగ్గరి విలువల పట్టిక) నిలువు వరుసలకీ పొంతన లేదని ఎర్రర్ వస్తోంది. జెడ్‌ని ట్రాన్స్‌పోజ్ చేస్తే (అడ్డు వరుసలను నిలువుగా మారిస్తే) పోతోంది. అలా చేయొచ్చా?

జవాబు: చేయొచ్చు, అదే సరైన మందు. కానీ టెన్షన్ పడాల్సింది ఎర్రర్ రాకుండా నడిచిన ఆ 100×100 బొమ్మ గురించి. అందులో ఎక్స్, వై తారుమారై ఉంటాయి. రెండు వైపులా పాయింట్లు సమానం కాబట్టి లైబ్రరీకి అనుమానం రాలేదు, అంతే.

కాంటూర్ ఫంక్షన్ జెడ్‌లోని అడ్డు వరుసలను వై దిశగా, నిలువు వరుసలను ఎక్స్ దిశగా తీసుకుంటుంది. అంటే జెడ్ షేప్, అదే అడ్డు, నిలువు వరుసల సంఖ్య, (60, 100) అయి ఉండాలి. మనమేమో లూప్ రాసేటప్పుడు మొదటి ఇండెక్స్ ఎక్స్‌కి, రెండోది వైకి ఇచ్చేస్తాం. లెక్కల పుస్తకం నేర్పిన అలవాటు అది. దాంతో (100, 60) వస్తుంది.

లూప్ మానేసి నమ్‌పై లైబ్రరీలోని మెష్‌గ్రిడ్ (ఎక్స్, వై విలువలను గ్రిడ్‌గా పరిచే ఫంక్షన్) వాడితే ఈ గొడవ ఉండదు. మామూలుగా అది ఇచ్చే ఎక్స్, వై అరేలు కాంటూర్ కోరుకునే షేప్‌లోనే ఉంటాయి కాబట్టి, వాటితో లెక్కించిన జెడ్ కూడా అలాగే వస్తుంది. మెష్‌గ్రిడ్‌లో ఇండెక్సింగ్‌ని 'ఐజే' (మొదటి ఇండెక్స్ ఎక్స్‌కి) అని మార్చినా, ఆ రెండు డైమెన్షన్ల ఎక్స్, వైలనే జెడ్‌తో పాటు ఇస్తే బొమ్మ సరిగ్గానే పడుతుంది. 'ఐజే'తో లెక్కించిన జెడ్‌కి ఒక డైమెన్షన్ ఎక్స్, వై జోడించినప్పుడే తేడా కొడుతుంది.

అనుమానం తీర్చుకోవడానికి చిన్న పరీక్ష: అసలు డేటా పక్కన పెట్టి, జెడ్ విలువ ప్రతిచోటా ఎక్స్ విలువే ఉండేలా మీ కోడ్‌ని నడపండి. గీతలన్నీ నిలువుగా రావాలి. అడ్డంగా వస్తే ట్రాన్స్‌పోజ్ చేయాల్సిందే. ఇదే డేటాని ఇమ్‌షోతో (పట్టికను రంగుల చిత్రంగా చూపే ఫంక్షన్) కూడా చూసేవాళ్లకి ఒక మాట: అది మొదటి వరుసను పైన పెడుతుంది, కాంటూర్‌లో అది కింద ఉంటుంది. ఇమ్‌షోలో ఆరిజిన్‌ని 'లోయర్' చేస్తే రెండూ కలుస్తాయి.

ప్రశ్న: నా దగ్గరున్న కొలతలు గ్రిడ్‌లో లేవు, ఎక్కడివక్కడ చెదురుగా ఉన్నాయి. ఏం చేయాలి?

జవాబు: ముందు ట్రైకాంటూర్ వాడి చూడండి. పాయింట్లను త్రిభుజాలుగా కలిపి నేరుగా గీతలు గీస్తుంది, గ్రిడ్ అక్కర్లేదు. గ్రిడ్ కావాల్సిందే అంటే సైపై లైబ్రరీలో గ్రిడ్‌డేటా ఉంది, చెదురు కొలతల నుంచి గ్రిడ్ విలువలను అంచనా వేస్తుంది. అందులో 'లీనియర్' పద్ధతి మీ పాయింట్లను చుట్టి ఉన్న హద్దు దాటాక నాన్ (NaN, అంటే విలువ లేదు) అని ఇస్తుంది, అక్కడ బొమ్మ ఖాళీగా కనిపిస్తుంది. చాలామంది ఆ ఖాళీని 'నియరెస ్ట్' (దగ్గరి కొలతనే వాడే) పద్ధతితో నింపేస్తుంటారు. నాకది నచ్చదు. కొలవని చోట రంగు వేస్తే చూసేవాళ్లు కొలిచారనే అనుకుంటారు. 'క్యూబిక్' పద్ధతిలో గీతలు నున్నగా ఉంటాయి గానీ, మీ కొలతల గరిష్ఠం కన్నా ఎక్కువ, కనిష్ఠం కన్నా తక్కువ విలువలు కూడా పుట్టించగలదు. డేటాలో లేని శిఖరం బొమ్మలో కనిపిస్తే మొదట దాన్నే అనుమానించండి.

ప్రశ్న: లెవెల్స్ 10 అని ఇచ్చినా సరిగ్గా పది గీతలు రావడం లేదు.

జవాబు: అంకె ఒక్కటే ఇస్తే దాన్ని ఉజ్జాయింపు పరిమితిగా తీసుకుని, చదవడానికి వీలైన గుండ్రటి విలువలను లైబ్రరీయే ఎంచుకుంటుంది. కచ్చితంగా కావాలంటే విలువల జాబితా ఇవ్వండి, చిన్నదాని నుంచి పెద్దదానికి. రెండు బొమ్మలు పోల్చేటప్పుడు రెండింటికీ అదే జాబితా తప్పనిసరి, లేకపోతే ఒకే రంగుకి రెండు అర్థాలు వస్తాయి. కాంటూర్‌ఎఫ్‌లో (గీతల మధ్య రంగు నింపే ఫంక్షన్) జాబితాకి బయటి విలువలున్న చోట రంగు పడదు. అక్కడ కూడా నిండాలంటే ఎక్స్‌టెండ్‌ని 'బోత్' చేయండి.