విదేశాల్లో ఉన్న మన పిల్లల ఓటు కోసం సంతకాలు సేకరిస్తే ఫలితం ఉంటుందా?

ప్రశ్న: విజయవాడ పటమటలో ఉంటాం. మా అపార్ట్‌మెంట్‌లో సగం ఇళ్ల పిల్లలు అమెరికా, ఐర్లాండ్, గల్ఫ్ దేశాల్లో ఉన్నారు. వాళ్లకు అక్కడి నుంచే ఓటు వేసే వీలు కల్పించాలని సంతకాల సేకరణ మొదలుపెడదామనుకుంటున్నాం. ఉపయోగం ఉంటుందా? దుబాయ్‌లో ఉన్న మా మేనల్లుడి పేరు ఓటర్ల జాబితాలోంచి తీసేశారు. అతనికి ఇక ఓటు లేనట్టేనా?

జవాబు:

మీ మేనల్లుడికి ఓటు వస్తుంది, ఎలాగో చివర్లో రాస్తాను. సంతకాల విషయంలో మాత్రం నా మాట ఒకటే: ఇప్పుడే వద్దు. దానికంటే ముందు చేయాల్సిన పని ఒకటుంది, అదీ మీ అపార్ట్‌మెంట్‌లోనే ఉంది.

నేను గుంటూరు బ్రాడీపేటలో ఉంటాను. బ్యాంకు ఉద్యోగం చేసి రిటైరయ్యాను. పిల్లలిద్దరూ బయటి దేశాల్లోనే. మా వీధిలోనూ, అరండల్‌పేటలోనూ మాలాంటి తల్లిదండ్రులం కొందరం కలిసి కొన్నేళ్లుగా ఈ పని మీద తిరుగుతున్నాం. మేమూ మొదట అనుకున్నది మీరు అనుకుంటున్నదే, ఒక వినతిపత్రం, దాని కింద సంతకాలు. ఆ కాగితం ఎక్కడికి వెళ్లిందో ఇప్పటికీ తెలియదు.

ముందు ఒక అపోహ తీరాలి. "ఎన్నారైలకు ఓటు హక్కు లేదు" అని చాలామంది అంటుంటారు. ఉంది. 2010లో ప్రజాప్రాతినిధ్య చట్టాన్ని సవరించి 20ఎ సెక్షన్ చేర్చారు, 2011 ఫిబ్రవరి 10 నుంచి అది అమల్లో ఉంది. అంతకు ముందు, ఇక్కడ మామూలుగా నివసించడం లేదు అనే కారణంతో బయటికి వెళ్లినవాళ్ల పేర్లు కొట్టేసేవారు. ఇప్పుడు చదువు కోసం గానీ ఉద్యోగం కోసం గానీ వెళ్లి, వేరే దేశపు పౌరసత్వం తీసుకోనివాళ్లు ఫారం 6ఎ పెట్టుకుంటే, పాస్‌పోర్టులో ఉన్న భారత చిరునామా ఏ నియోజకవర్గంలో ఉంటే అక్కడ ఓటరుగా చేరుస్తారు. జాబితా చివర ప్రవాస ఓటర్లని విడిగా ఒక భాగం ఉంటుంది, వీళ్ల పేర్లు అందులో వస్తాయి. (ఓసీఐ కార్డు ఉన్నవాళ్లు ఈ లెక్కలోకి రారు. వాళ్లు విదేశీ పౌరులు. మా మీటింగుల్లో ప్రతిసారీ ఎవరో ఒకరు దీని మీద అరగంట వాదిస్తారు.)

చిక్కల్లా ఎక్కడంటే, ఓటు వేయాలంటే ఒరిజినల్ పాస్‌పోర్టు పట్టుకుని ఆ పోలింగ్ బూత్‌కే రావాలి. డల్లాస్ నుంచి గుంటూరుకు రానూపోనూ టికెట్, సెలవు, పిల్లల స్కూలు అన్నీ చూసుకుని ఎంతమంది వస్తారు? 2024 లోక్‌సభ ఎన్నికలకు దేశం మొత్తం మీద ప్రవాస ఓటర్లుగా నమోదైనవాళ్లు 1,19,374 మంది. వచ్చి ఓటేసినవాళ్లు 2,958 మంది. అందులో 2,670 మంది ఒక్క కేరళలోనే. మన ఆంధ్రప్రదేశ్‌లో 7,927 మంది నమోదైతే ఓటేసింది 195 మంది.

ఈ 195 అన్న అంకె చూసినప్పుడు నాకు నవ్వొచ్చింది. 2024 మే 13న ఇక్కడ ఉన్నవాళ్లకు తెలుసు కదా. ఓటు కోసమే వచ్చినవాళ్లు మా ఒక్క బ్రాడీపేట లైన్లలోనే ఎంతమందో! గన్నవరంలో దిగినవాళ్లు కొందరైతే, శంషాబాద్‌లో దిగి రాత్రికి రాత్రి బస్సెక్కినవాళ్లు ఇంకొందరు. వేలి మీద సిరా చుక్క ఫొటోలతో ఫ్యామిలీ గ్రూపులన్నీ నిండిపోయాయి. మరి వీళ్లంతా లెక్కలో ఏమయ్యారు?

వాళ్లు ఓటేసింది ప్రవాస ఓటర్లుగా కాదు. తల్లిదండ్రుల డోర్ నంబరు కింద పాత పేరు అలాగే ఉంది, పాత ఓటరు కార్డు చూపించి మామూలు ఓటర్లుగా వేసి వెళ్లారు. పోలింగ్ సిబ్బందికి వాళ్లు బ్రాడీపేటవాళ్లే, టెక్సాస్‌వాళ్లు కారు. కాబట్టి ఢిల్లీ లెక్కల్లో ఆ ప్రయాణం జరగనే లేదు.

మన ఉద్యమానికి అసలు అడ్డు ఇదేనని నా అభిప్రాయం. పోస్టల్ బ్యాలెట్ లాంటి ఏర్పాటు పెట్టాలా వద్దా అని చూసే అధికారి మొదట తిప్పేది ప్రవాస ఓటర్ల జాబితానే. అందులో రాష్ట్రం మొత్తానికి ఎనిమిది వేల పేర్లు కూడా లేకపోతే, మీరు ఎన్ని వేల సంతకాలు తీసుకెళ్లినా "ముందు నమోదు చేసుకోండి" అంటాడు. అనకుండా ఎలా ఉంటాడు? పైగా చట్టప్రకారం చూస్తే, ఏళ్ల తరబడి బయట ఉంటూ ఇక్కడే నివాసం అన్నట్టు మామూలు జాబితాలో కొనసాగడం సరికాదు. ఓటరు నమోదులో తప్పుడు ప్రకటన ఇస్తే ఏడాది వరకు జైలు పడే సెక్షన్ కూడా ఉంది. ఎవరినీ భయపెట్టడానికి చెప్పడం లేదు, ఆ దారి నమ్ముకోవద్దని చెబుతున్నాను. ఏదో ఒక ఎన్నికల ముందు ఇంటింటి తనిఖీకి వచ్చి పేరు తీసేస్తారు, అప్పుడు టెన్షన్ పడేది మనమే. మీ మేనల్లుడికి జరిగింది కూడా అదే అయి ఉంటుంది.

అందుకని మేం సంతకాలు పక్కన పెట్టి 6ఎ ఫారాల మీద పడ్డాం. తేలికనుకున్నాం గానీ తల్లిదండ్రులను ఒప్పించడమే కష్టమైంది. పాత ఓటరు కార్డు ఉంటే తిరిగి ఇచ్చేయాలి, ప్రవాస ఓటరుకు కొత్త కార్డు ఇవ్వరు. ఈ మాట చెప్పగానే గదిలో గాలి మారిపోయేది. మా లైన్లో ఒక పెద్దావిడ కొడుకు ఓటరు కార్డును పట్టుచీరల మడతలో దాచి ఉంచింది. "ఇది ఇచ్చేస్తే మావాడు ఈ ఊరివాడు కాకుండా పోతాడా మాస్టారూ?" అని అడిగింది. (బ్యాంకులో చేసినవాణ్ణి మాస్టారు ఎందుకయ్యానో తెలియదు.) ఇకపై పాస్‌పోర్టే ఓటరు కార్డు అమ్మా, ఎప్పుడైనా తిరిగొచ్చి స్థిరపడితే ఫారం 6 పెట్టి మళ్లీ మామూలు ఓటరు అవుతాడు అని చెప్పాను. ఆవిడ కొడుకుతో వీడియో కాల్‌లో మాట్లాడి, అతను సరేనన్నాక గానీ కార్డు బయటికి రాలేదు.

రెండో తలనొప్పి పాస్‌పోర్టు చివరి పేజీ. అందరూ ఫొటో ఉన్న పేజీయే పంపిస్తారు. మనకు కావాల్సిన చిరునామా చివరి పేజీలో ఉంటుంది. మన పిల్లల్లో చాలామంది హైదరాబాద్‌లో ఉద్యోగం చేసేటప్పుడు అక్కడి అద్దె ఇంటి చిరునామాతో పాస్‌పోర్టు తీసుకున్నారు. అలాంటివాళ్లకు ఓటు కూకట్‌పల్లిలోనో శేరిలింగంపల్లిలోనో వస్తుంది, గుంటూరు పశ్చిమంలో రాదు. ఇంకొందరు అమెరికాలోనే రెన్యూవల్ చేయించుకుంటే అక్కడి చిరునామా అచ్చయి వచ్చింది. అప్పుడు 6ఎకి ఆధారమే లేకుండా పోయింది. రెన్యూవల్ దగ్గర పడినవాళ్లు ఉంటే, రుజువులు పెట్టి ఇక్కడి చిరునామానే వేయించుకోమని ఇప్పుడే చెప్పండి. మేం చేసిన పని మొత్తంలో అందరికీ ఎక్కువ పనికొచ్చిన సలహా ఇదేనేమో.

ఫారం ఆన్‌లైన్‌లో పిల్లలే పెట్టేస్తారు. తర్వాతి పని మాత్రం మనదే. బీఎల్ఓ (మన బూత్ ఓటర్ల జాబితా చూసే ఉద్యోగి) ఆ చిరునామాకు వచ్చి విచారిస్తారు. బంధువులెవరైనా ఉండి, అవును మా అబ్బాయే, పాస్‌పోర్టు కాపీ సరైనదే అని రాసివ్వాలి. ఎవరూ లేకపోయినా, ఇవ్వకపోయినా కాగితాలు ఆ దేశంలోని మన రాయబార కార్యాలయానికి పరిశీలనకు వెళ్తాయి, ఆలస్యమవుతుంది. మా ఇంటికి వచ్చిన అమ్మాయి సచివాలయం ఉద్యోగి. గేటు దగ్గరే నిలబడి "అబ్బాయి ఇక్కడ ఉండట్లేదు కదండీ, మరి ఓటెలా?" అంది. ఆవిడ తప్పేం లేదు, అంతవరకు ఆవిడకు వచ్చినవన్నీ ఫారం 6, 7, 8లే. 6ఎ ఆమెకు అదే మొదటిది. లోపలికి పిలిచి కూర్చోబెట్టి, ఫారం వెనక ఉన్న సూచనలు ఇద్దరం కలిసి చదువుకున్నాం. అప్పటి నుంచి మా వీధిలో ఏ 6ఎ వచ్చినా ముందు మాకే ఫోన్ చేసేది.

ఇక అసలు డిమాండ్ సంగతి. అక్కడి నుంచే ఓటు కావాలని లండన్‌లో ఉండే నాగేందర్ చిందం, యూఏఈలోని కేరళ డాక్టర్ షంషీర్ వయలిల్ లాంటివాళ్లు సుప్రీంకోర్టుకు వెళ్లారు. ఎన్నికల సంఘం కమిటీ వేసింది. ఈ-పోస్టల్ బ్యాలెట్ (కంప్యూటర్‌లో వచ్చిన బ్యాలెట్‌ను పోస్టులో తిప్పి పంపడం), ప్రాక్సీ (మన ఓటు మన తరఫున ఇంకొకరు వేయడం) రెండూ పెట్టవచ్చని 2014లో ఆ కమిటీ చెప్పింది. కేంద్రం ప్రాక్సీని పట్టుకుని 2017లో బిల్లు తెచ్చింది. 2018 ఆగస్టులో లోక్‌సభ ఆమోదించింది గానీ రాజ్యసభ దాటలేదు, 2019లో లోక్‌సభ రద్దవడంతో అదీ మురిగిపోయింది. 2020 నవంబరులో ఎన్నికల సంఘం పోస్టల్ పద్ధతికి సిద్ధమని కేంద్ర న్యాయశాఖకు రాసింది. 2022 నవంబరులో, దీనికి వీలు కల్పించేందుకు చర్యలు తీసుకుంటామని ప్రభుత్వం మాటిచ్చిందంటూ సుప్రీంకోర్టు ఆ పిటిషన్లను ముగించింది.

మీరు వినతిపత్రం రాసే రోజు వస్తే, దయచేసి ప్రాక్సీ అడగకండి. మన తరఫున ఓటు వేసే ఆ ఇంకొకరు ఎవరు? నాన్నో, బాబాయో, ఊళ్లో పెద్దమనిషో. అబ్బాయి ఒక పార్టీ, నాన్న ఇంకో పార్టీ అయిన ఇళ్లు మన జిల్లాల్లో ఎన్ని లేవు? నాన్నకు చెప్పి వేయించుకుంటే అది రహస్య ఓటు కాదు, చెప్పినదే వేశాడని నమ్మకమూ లేదు. పోలింగ్ ముందు రాత్రి కవర్లు పంచేవాళ్లకు ఒక ఇంట్లో మూడు ఓట్లు ఒకే చేతిలో దొరికితే ఇంకేం కావాలి? నా భార్య ఈ విషయంలో నాతో ఏకీభవించదు, "నేను వేస్తే నా కూతురు చెప్పినదే వేస్తాను" అంటుంది. ఆవిడ వేస్తుందనే అనుకుంటాను.

పోస్టల్ పద్ధతి కొత్తగా కనిపెట్టాల్సిందేమీ కాదు. సైన్యంలో ఉన్నవాళ్లకు, విదేశాల్లోని మన రాయబార కార్యాలయాల్లో పనిచేసే ప్రభుత్వ ఉద్యోగులకు బ్యాలెట్ కంప్యూటర్ ద్వారా వస్తుంది. ప్రింటు తీసి, గుర్తు పెట్టి, కవరులో వేసి పోస్టు చేస్తారు, లెక్కింపు రోజు ఉదయం 8 గంటలలోపు చేరాలి. 2019లో ఇలాంటి సర్వీసు ఓటర్లు 18 లక్షలకు పైనే. హ్యూస్టన్ కాన్సులేట్‌లో కౌంటర్ లోపల కూర్చున్న ఉద్యోగికి ఈ సదుపాయం ఉంది, బయట లైన్లో నిలబడ్డ మన అబ్బాయికి లేదు. ఇద్దరి పాస్‌పోర్టూ భారతదేశానిదే. నాయకులకు చెప్పేటప్పుడు ఈ ఒక్క ముక్క చెప్పండి, వెంటనే అర్థమవుతుంది.

తపాలా సమయానికి చేరుతుందా అన్నది న్యాయమైన ప్రశ్నే, ఎందుకంటే నామినేషన్ల ఉపసంహరణ ముగిసి అభ్యర్థులు తేలాకే బ్యాలెట్ తయారవుతుంది. 2024లో మన రాష్ట్రంలో నామినేషన్ల ఉపసంహరణ ఏప్రిల్ 29న ముగిసింది, లెక్కింపు జూన్ 4న. నెలకు పైగా ఉంది, సరిపోతుంది. చివరి దశ రాష్ట్రాల్లో మాత్రం మే 17 నుంచి జూన్ 4 వరకే, అంటే మూడు వారాలు కూడా లేదు. గల్ఫ్‌లో లేబర్ క్యాంపులో ఉండేవాడికి ప్రింటరు ఎక్కడ, కొరియర్ ఎక్కడ? అందుకని రాయబార కార్యాలయంలోనే కవరు తీసుకునే ఏర్పాటు కూడా అడగాలి. ఈ ఉద్యమం అమెరికా ఇంజినీర్ల చేతుల్లోనే ఉంటే ఈ సంగతి ఎవరికీ తట్టదు. కడప, కోనసీమల నుంచి కువైట్ వెళ్లిన ఆడవాళ్లను కూడా కలుపుకోండి.

"ఊళ్లో లేనివాడికి ఓటెందుకు" అనేవాళ్లు మీకూ ఎదురవుతారు. పట్నంబజారులో ఒక మిర్చి వ్యాపారి నన్ను నిలదీశాడు: "రోడ్డు గుంతల్లో పడేది మేము, ఎమ్మెల్యేను ఎన్నుకునేది వాళ్లా?" పూర్తిగా తోసేయగల మాట కాదది. నేను చెప్పింది ఇంతే: ఆ హక్కు పార్లమెంటు ఎప్పుడో ఇచ్చేసింది, ఇప్పుడు డబ్బున్నవాడు టికెట్ కొనుక్కుని వచ్చి వేస్తున్నాడు, లేనివాడు వేయలేకపోతున్నాడు. ఆయన ఒప్పుకోలేదు, టీ మాత్రం తాగించి పంపాడు.

ఇప్పుడు మీ మేనల్లుడు. పేరు ఎందుకు తీశారని పోట్లాడకండి, ఆరు నెలలు పోతుంది తప్ప ఒరిగేది లేదు. అతని పాస్‌పోర్టు చివరి పేజీ ఫొటో తెప్పించి చూడండి. పటమట చిరునామా ఉంటే విజయవాడ తూర్పు నియోజకవర్గానికి 6ఎ పెట్టాలి. పాస్‌పోర్టు పేజీలు, వీసా కాపీ మీద తనే సంతకం చేసి జతచేయాలి. యూఏఈలో 2022 నుంచి పాస్‌పోర్టు మీద రెసిడెన్సీ స్టాంపు వేయడం లేదు కాబట్టి ఎమిరేట్స్ ఐడీ, ఈ-వీసా కాపీలు పెట్టి, స్టాంపు ఎందుకు లేదో రెండు ముక్కలు రాసి పెట్టమనండి. పాత ఓటరు కార్డు ఇంట్లో ఉంటే వెతికి పక్కన పెట్టుకోండి. బీఎల్ఓ వచ్చే రోజుల్లో అతని తల్లిదండ్రులో మీరో ఇంట్లో ఉండేలా చూసుకోండి.